బెంజ్ సర్కిల్ పక్కన ఓ పెరడు

తెల్లవారుజామున అయిదున్నరకు బెంజ్ సర్కిల్ ఎలా ఉంటుందో చూశారా? చెన్నై నుంచి కోల్‌కతా పోయే దారీ, పుణె నుంచి హైదరాబాద్ మీదుగా బందరు వెళ్లే దారీ ఇక్కడే ఒకదాన్నొకటి దాటుకుంటాయి. పైన ఫ్లైఓవర్ల మీద లారీల హోరు. కింద రాత్రి బస్సులు దిగిన జనం, వాళ్ల బ్యాగుల చుట్టూ ఆటోవాళ్లు. టీ బడ్డీల దగ్గర పొగలు. పేరులో బెంజి ఉందిగానీ ఇక్కడ అడుగడుగునా ఎదురయ్యేది ఆటోలే!

ఆ రద్దీలో అప్పుడప్పుడూ ఓ తోపుడుబండి కనిపిస్తుంది. దాని నిండా మొక్కలు. విరగబూసిన గులాబీలు, రంగురంగుల క్రోటన్లు, నిగనిగలాడే పామ్‌లు... దుమ్ములో, పొగలో ఆ పచ్చదనం చూశాక ఆగకుండా వెళ్లడం కష్టమే. నేనూ ఆగాను. ఒకసారి కాదు, చాలాసార్లు. అలా కొన్నవాటిలో ఇవాళ బతికున్నవెన్నో లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు కూడా అక్కర్లేదు.

తప్పు బండివాడిది కాదు, మొక్కలదీ కాదు. మరి ఎవరిది? ఈ ప్రశ్న పట్టుకుని మా సందులోంచి బయల్దేరి కడియం దాకా వెళ్లొచ్చాను. సగం జవాబు అక్కడ దొరికింది. మిగతా సగం మా ఇంట్లోనే, అమ్మ దగ్గరే ఉంది.

ముప్పై అడుగుల నేల

సర్కిల్ నుంచి పటమట వైపు వచ్చే ఒక సందులో మా ఇల్లు. ఇంటి ముందు ఎనిమిది అడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు ఉన్న ఖాళీ జాగా. అటూ ఇటూ అయిదేసి అంతస్తుల అపార్ట్‌మెంట్లు. ఒకప్పుడు ఈ వీధిలో ప్రతి ఇంటికీ కొబ్బరి చెట్టో, మామిడి చెట్టో ఉండేది. ఇళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు లేపినప్పుడల్లా ఒక్కొక్కటీ పోయాయి. ఇప్పుడు వీధి మొత్తానికి మట్టి కనిపించే ఇళ్లు మూడో నాలుగో. అందులో మాదొకటి.

నాన్న పోయాక, 2022లో అమ్మ దివిసీమ నుంచి మా దగ్గరికి వచ్చేసింది. పల్లెలో పొద్దున్నే రెండు గంటలు పెరట్లో తిరిగే మనిషి. ఎండాకులు ఏరడం, పాదులు సరిచేయడం, పూజకు పూలు కోయడం, అరటి పిలకలు తీసి పక్కింటికి ఇవ్వడం... ఇదే ఆవిడ వ్యాయామం, ఇదే కాలక్షేపం. ఇక్కడికొచ్చాక టీవీ ముందు కూర్చోవడం మొదలుపెట్టింది. నడక తగ్గింది. మాట కూడా తగ్గింది. ఓ రోజు వాకిట్లో నిలబడి, ‘‘ఒరేయ్, నాలుగు నందివర్ధనాలు కూడా కొనుక్కోవాలట్రా?’’ అంది. అంతే. ఆ మాట లోపల ఎక్కడో గుచ్చుకుంది.

ఆవిడ పెరడు మామూలు పెరడు కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు వేలమంది పోయారు. మా పెరట్లో నిలిచినవి రెండు కొబ్బరి చెట్లూ, ఓ కానుగ చెట్టూ. నేల ఉప్పుదేరిపోయింది. ఆ నేలలోనే పెంట తోలించి, వానలకు ఉప్పు కడిగేదాకా ఆగి, ఒక్కో మొక్కా మళ్లీ నిలబెట్టుకుంది. అలాంటి మనిషికి ముప్పై అడుగుల తోట చేసివ్వడం ఓ లెక్కా అనుకున్నాను!

ఒకసారి ఎండ... ఒకసారి వాన

2023 ఫిబ్రవరిలో మొదలుపెట్టాను. బండి మీద పూలున్న మొక్కలన్నీ కొన్నాను. గులాబీలు, రెండు పామ్‌లు, పది క్రోటన్లు, ఓ చదరపు మీటరు పచ్చిక. అమ్మ చూసి, ‘‘ఇదేం మొక్కరా, ముట్టుకుంటే ప్లాస్టిక్ లాగుంది’’ అని ఊరుకుంది. ఏప్రిల్ దాకా బాగానే ఉన్నాయి. మే వచ్చింది. బెజవాడ మే అంటే తెలుసు కదా... నలభై మూడు, నలభై నాలుగు డిగ్రీలు. పగలంతా కాగిన సిమెంటు గోడలు రాత్రి పదింటికి కూడా సెగలు కక్కుతుంటాయి. రెండు పూటలా నీళ్లు పోసినా పామ్ ఆకులు కాల్చిన అప్పడాల్లా అయ్యాయి. పచ్చిక చాపలా చుట్టుకుపోయింది.

సరే, వేసవి ముందు నాటడమే తప్పనుకుని 2024 జులైలో మళ్లీ వేశాను. ఈసారి లోతుగా గుంటలు తీసి మరీ! ఆగస్టు 31న పట్టుకుంది వాన. బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో ఉరికింది. ఆ కష్టం ముందు మా తోట సంగతి చెప్పుకోవడానికే సిగ్గేస్తుంది. మా సందులోకి బుడమేరు రాలేదు. వాననీరు మాత్రం రెండు రోజులు నిలిచింది. నేను శ్రద్ధగా తవ్విన గుంటలు బావుల్లా నిండాయి. వారానికల్లా గులాబీల వేళ్లు కుళ్లి వాసన కొట్టాయి.

ఎండకొకసారి, నీళ్లకొకసారి. డెల్టాలో తోట వేసేవాడికి శత్రువులు ఈ ఇద్దరే. ఇద్దరూ ఒకే ఏడాదిలో, మూడు నెలల తేడాలో వస్తారు. ఆ ఇద్దరినీ తట్టుకునే తోట ఎలా ఉండాలి?

‘‘నువ్వు మొక్కల్ని చూశావురా. జాగాని చూళ్లేదు’’ అంది అమ్మ. మూడోసారి పని ఆవిడ చేతిలో పెట్టాను.

ముగ్గుపిండితో ప్లాను

2025 వేసవిలో ఓ ఆదివారం పొద్దున్నే ఎనిమిదింటికి అమ్మ ముగ్గుడబ్బా పట్టుకుని బయటికొచ్చింది. అపార్ట్‌మెంటు నీడ ఎక్కడిదాకా పడిందో అక్కడ ఓ గీత గీసింది. పన్నెండింటికి ఇంకోటి. నాలుగింటికి మరోటి. సాయంత్రానికి మా ముప్పై అడుగుల జాగా మూడు ముక్కలైంది. పొద్దుటి ఎండ మాత్రమే తగిలే తూర్పు కొస. మధ్యాహ్నం రెండు మూడు గంటలు మాడిపోయే నడిమి భాగం. రోజంతా సగం నీడలో ఉండే గోడవార. తోట ప్లాను కోసం ఇంజినీరు అక్కర్లేదు. గుప్పెడు ముగ్గుపిండి, ఒక రోజు ఓపిక చాలు. ఎండాకాలంలో, చలికాలంలో నీడ మారుతుంది కాబట్టి డిసెంబరులో ఇంకోసారి గీసుకుంటే మరీ మంచిది.

తర్వాత నేల. మన చుట్టుపక్కల ఊళ్ల పేర్లలోనే మట్టి సంగతి ఉంది. కృష్ణలంక, పటమటలంక... లంక అంటే ఏరు తెచ్చి వేసిన మేట. తేలిక ఒండ్రు, ఇసుక పాలు ఎక్కువ. ఏటికి దూరంగా జరిగేకొద్దీ నల్లరేగడి. తడిస్తే జిగురు, ఎండితే బీటలు. ఇక కట్టడాల మధ్య ఉన్న జాగాల్లో ఈ రెంటి మీదా మూడో పొర ఒకటి ఉంటుంది. ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు, పాలిథిన్ కవర్లు. మేం అడుగున్నర తవ్వితే ఇరవై బస్తాల చెత్త వచ్చింది!

అప్పుడు అమ్మ చిన్న పరీక్ష చేయించింది. అడుగు లోతు గుంట తీసి నిండా నీళ్లు పోసి, ఇంకాక మళ్లీ పోసి చూడమంది. రెండోసారి పోసిన నీళ్లు నాలుగైదు గంటల్లో ఇంకిపోతే భయం లేదు. మర్నాటికీ నిలిచి ఉంటే అక్కడ గుంటలో మొక్క పెట్టకూడదు. మట్టిని ఎత్తు చేసి పైన పెట్టాలి. మా గుంటలో మర్నాడు పొద్దున నా మొహం కనిపించింది. గులాబీలు ఎందుకు కుళ్లాయో అప్పుడు బోధపడింది.

అందుకే నేలను అడుగు ఎత్తు లేపి, అంచుకు ఇటుకలు పేర్చాం. డాబా మీది వాననీరు నేరుగా మొక్కల మీద పడకుండా గొట్టం తిప్పి, ఓ మూల ఇంకుడుగుంత తీయించాం. నల్లమట్టి గట్టిగా ఉందని చాలామంది ఇసుక కలిపేస్తారు. ఉత్త ఇసుక కొద్దిగా కలిపితే రేగడి ఇంకా గట్టిపడుతుంది. దాన్ని గుల్ల చేసేది మాగిన పశువుల ఎరువు, ఆకుచెత్త, కొబ్బరిపొట్టు.

ఇక్కడే అమ్మ డెల్టా రైతు తెలివి బయటపెట్టింది. ‘‘జూన్‌లో మొక్కలొద్దు. జనుము చల్లు’’ అంది. పొలంలో వేసే పచ్చిరొట్ట ఇంటి ముందా? పక్క అపార్ట్‌మెంటువాళ్లు వింతగా చూశారు. జనుము వేళ్ల మీద ఉండే బుడిపెలు గాలిలోని నత్రజనిని నేలకు పట్టిస్తాయి. నలభై అయిదు రోజులకు పూతకొచ్చిన మొక్కల్ని కోసి, ముక్కలు చేసి మట్టిలోనే కలిపేశాం. రెండు వారాలు మాగనిచ్చాం. పార దింపితే కంగుమనే నేల చేత్తో తీస్తే వచ్చేటంత మెత్తబడింది. దాదాపు ఖర్చు లేని పని ఇది. కావలసిందల్లా రెండు నెలలు ఆగడం.

కడియం దారిలో...

జులై చివర్లో, జనుము మట్టిలో మాగుతుండగా, అమ్మను తీసుకుని కడియం బయల్దేరాను. బెంజ్ సర్కిల్ దగ్గర కోల్‌కతా వైపు తిరిగితే చాలు, మళ్లీ దారి అడగక్కర్లేదు. హనుమాన్ జంక్షన్, ఏలూరు, తణుకు... సిద్ధాంతం దగ్గర వశిష్ఠ గోదావరి, రావులపాలెం దాటగానే గౌతమి. ఆ వంతెన దిగిన కాసేపటికే రోడ్డుకి రెండు పక్కలా రంగులు మొదలవుతాయి. కడియం, కడియపులంక, బుర్రిలంక, పొట్టిలంక, వేమగిరి... ఊళ్లన్నీ నర్సరీలే. ఇక్కడా లంకలే చూశారా! గోదావరి ఒండ్రు, కాలువ నీళ్లు, తరాలుగా అంట్లు కట్టిన చేతుల నేర్పు... ఈ మూడూ కలిసి ఆ ఊళ్లను దేశమంతటికీ మొక్కలు పంపే చోటుగా మార్చాయి. బెజవాడ బండి మీద మనం బేరమాడే మొక్కల్లో చాలావాటి పుట్టిల్లు ఇదే.

ఓ నర్సరీలో పనిచేసే పెద్దాయన నా జాబితా చూసి, ‘‘ఏ ఊరండీ మీది?’’ అన్నాడు. బెజవాడ అనగానే నవ్వాడు. ‘‘ఇయ్యన్నీ నీడవల కింద పెరిగినయ్యండి. తీసుకెళ్లి ఎండలో పెట్టేత్తే మాడిపోవాండీ? పది రోజులు చెట్టు కింద ఉంచండి. తర్వాత పొద్దుటి ఎండ చూపించండి. అప్పుడు నాటుకోండి.’’ నేను రెండేళ్లు కాల్చిన డబ్బుకి జవాబు ఆ నాలుగు ముక్కల్లో ఉంది. ఇంకో మాట కూడా చెప్పాడు. పూలు విరగబూసిన మొక్క కాదు, కొమ్మలు ఒత్తుగా ఉండి, మొదలు గట్టిగా ఉండి, ఇంకా పూయని మొక్క కొనుక్కోమన్నాడు. సంచి అడుగున వేళ్లు చుట్టలు చుట్టుకుని ఉంటే వదిలేయమన్నాడు.

అమ్మ మాత్రం తన జాబితా తను చదువుతోంది. పారిజాతం ఉందా? ఉంది. కనకాంబరం? ఉంది. సన్నజాజి, పొగడ, సంపెంగ? ఉన్నాయి. వావిలి ఉందా? అడ్డసరం ఉందా? పెద్దాయన ఆగిపోయాడు. ‘‘గట్ల మీద దొరికేయి కదండీ మామ్మగారూ! ఎవరు కొంటారని పెంచుతావండీ?’’ అన్నాడు.

ఎకరాల కొద్దీ మొక్కల మధ్య నిలబడి ఆ మాట వినడం విచిత్రంగా అనిపించింది. అక్కడికి ఎంతో దూరం లేని సామర్లకోటలోనే 1780ల్లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ ఉండేవాడు. అక్కడ ఓ తోట పెంచాడు. మన చిత్రకారులతో మన మొక్కల బొమ్మలు వేయించాడు. వాటి తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. 1795 నుంచి 1820 దాకా లండన్‌లో మూడు సంపుటాలుగా అచ్చయిన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంలో మూడొందల బొమ్మలున్నాయి. మన సోమిద చెట్టు పేరు ‘సొయ్‌మిడా’ అని శాస్త్రీయ నామంలోకి కూడా ఎక్కింది. బొమ్మ గీయించి దాచుకోదగ్గవని ఒక విదేశీయుడికి తోచిన మన మొక్కల్లో చాలావాటిని ఇవాళ కొనుక్కుందామన్నా దొరకవు. అడిగేవాళ్లు లేక.

తరువాతి వారం అమ్మ మా ఊరు వెళ్లి, తడిగుడ్డలో చుట్టి కొమ్మలు తెచ్చింది. నందివర్ధనం, అడ్డసరం, వావిలి. మూడూ కొమ్మ గుచ్చితే బతికే రకాలే. జానెడున్నర ముక్క, పెన్సిలంత లావు, కింద కణుపు మట్టిలో. ఖర్చు? బస్ టికెట్టు!

ఇంటివాళ్లు, చుట్టాలు

‘‘దేశవాళీ మొక్కలే వేయాలి, విదేశీవి పనికిరావు’’ అనే మాట ఈమధ్య బాగా వినిపిస్తోంది. నిజమే అనిపిస్తుంది గానీ, ఆ గీత గీయడం అంత తేలిక కాదు. గుమ్మానికి కట్టే బంతిపూలు మెక్సికో నుంచి వచ్చినవి. గుళ్లో కనిపించే దేవగన్నేరు మధ్య అమెరికాది. వాకిట్లో తనంతట తనే మొలిచే బిళ్లగన్నేరు మడగాస్కర్‌ది. డివైడర్ల మీద విరగబూసే కాగితంపూలు దక్షిణ అమెరికావి. క్రోటన్లు ఇండోనేషియా, పసిఫిక్ దీవులవి. ఇక పచ్చడికి మిరప, పెరట్లో జామ... రెండూ అమెరికా ఖండాలవే. వీటన్నిటినీ వెళ్లగొడితే మన పండుగ ఏం కావాలి? మన భోజనం ఏం కావాలి?

అలాగని దేశవాళీదైతే చాలు, ఎక్కడైనా పెట్టేయొచ్చనీ కాదు. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖ చెట్లను ఊడ్చేశాక, అక్కడ ఏడాకుల పాల మొక్కల్ని విరివిగా నాటారు. అది మన చెట్టే. కానీ వీధి వీధినా అదే కావడంతో, పూసే కాలంలో ఆ ఘాటుకు ఊపిరాడడం లేదని జనం మొత్తుకున్నారు. ఇటు విదేశీ కోనోకార్పస్ సంగతి చూడండి. నిటారుగా, పచ్చగా, నీళ్లు అడక్కుండా పెరుగుతుందని ఊరూరా నాటారు. చివరికి గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటొద్దని నిషేధించింది. ఏ మొక్క అన్నదొక్కటే కాదు, ఎక్కడ, ఎన్ని అన్నదీ చూసుకోవాలి.

అమ్మ లెక్క వేరు. ‘‘కొన్ని ఇంటివాళ్లు. కొన్ని చుట్టాలు. ఇంటివాళ్లు ముందు కుదురుకోవాలి. చుట్టాల్లేని ఇల్లు మాత్రం ఇల్లేవిట్రా?’’ అంది. మా తోట ప్లాను మొత్తం ఆ ముక్క మీదే నడిచింది. ముప్పావు వంతు ఇంటివాళ్లు. పావు వంతు చుట్టాలు.

ఇంటివాళ్లకు ఎందుకంత పెద్దపీట? ఎండా వానా వాళ్లకు తెలుసు కాబట్టి. ఇంకో కారణం కూడా ఉంది. మన సీతాకోకచిలుకలు ఏ ఆకు మీద పడితే ఆ ఆకు మీద గుడ్లు పెట్టవు. నిమ్మ, కరివేపాకు తిని పెరిగే గొంగళి వేరు, జిల్లేడు తినేది వేరు, రేల చెట్టు మీద పెరిగేది వేరు. ఆ ఆకు లేకపోతే ఆ చిలుక లేదు. గొంగళి లేకపోతే పిల్లలకు మేత పెట్టాల్సిన పిట్ట రాదు. దూరదేశాల నుంచి వచ్చిన కొన్ని మొక్కల ఆకులు ఎప్పుడూ నిగనిగలాడుతుంటాయి. ఎందుకంటే ఇక్కడ వాటిని తినేవాళ్లు తక్కువ. నేను మొదటిసారి వేసిన తోటలో ఒక్క ఆకుకూ చిల్లు పడలేదు. ఒక్క పిట్టా రాలేదు.

ఎవరి చోటు వారిది

శ్రావణమాసంలో, మబ్బు పట్టిన ఓ సాయంత్రం నాటడం మొదలుపెట్టాం. ముగ్గు గీతలే మాకు హద్దులు.

పొద్దుటి ఎండ తగిలే తూర్పు కొసన పారిజాతం. గోడకు అయిదడుగుల దూరంలో. కొన్నప్పుడు నడుమెత్తే ఉన్నా, అయిదేళ్లకు పది పన్నెండు అడుగులు లేస్తుంది. మొక్క ఇవాళ ఎంత ఉందో కాదు, రేపెంతవుతుందో చూసుకుని జాగా ఇవ్వాలి. వేప, మామిడి, రావి లాంటివి ఇంత ఇరుకులో పెడితే పదేళ్లకు ప్రహరీ గోడనో, చెట్టునో వదులుకోవాల్సి వస్తుంది. పారిజాతం పక్కన తులసికోట, కనకాంబరాలు.

మాడిపోయే నడిమి భాగంలో నందివర్ధనం, కరివేప, మందారం, మల్లె. మల్లెకు ఎండ ఎంత తగిలితే అంత పూత. మైలవరం వైపు మల్లెతోటలు చూసినవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. నందివర్ధనం పొదలా లేచి పక్కనున్నవాటికి కాస్త నీడనిస్తుంది. గేటు పక్కన, ఎర్రటి ఎండలో, చుట్టమైన కాగితంపూల తీగ. దానికి నీళ్లెక్కువ పోస్తే ఆకులే వస్తాయి, కాస్త ఎండగడితేనే పూస్తుంది. వేసవికి అంతకన్నా మంచి చుట్టం ఎవరు?

సగం నీడ పడే గోడవార క్రోటన్లు. రెండేళ్ల కిందట ఎండలో మాడిన మొక్కలే ఇక్కడ రంగులు తేలాయి. నర్సరీల్లో ఇక్సోరా అని అడిగితే ఇచ్చే ఎర్రగుత్తుల మొక్క మన దక్షిణాదిదే. క్రోటన్లు అయిపోయిన చోట, ఎండ కాస్త ఎక్కువ తగిలే వైపు దాన్ని పెట్టాం. పడమటి గోడకు తీగలు కట్టి సన్నజాజి ఎక్కించాం. గోడ కాగకుండా అదే చూసుకుంటుంది. వీధి అంచున అడ్డసరం, వావిలి కలిపి కంచె. పశువులు నోరు పెట్టవు.

గన్నేరు మాత్రం మానేశాం. పూలు ఎంత అందమైనా ఆకు, కాడ, గింజ అన్నీ విషమే. పచ్చగన్నేరు కాయలు మరీ ప్రమాదం. ఇంట్లో పసిపిల్లలు తిరుగుతుంటే దానికి దూరంగా ఉండటమే మేలు.

నేల లేనివాళ్ల సంగతి? అపార్ట్‌మెంటు డాబా మీద వేసుకోవచ్చు. కానీ బరువు లెక్క మరచిపోవద్దు. ఒక ఘనపుటడుగు తడిమట్టి 45 నుంచి 50 కిలోల దాకా తూగుతుంది. రెండొందల లీటర్ల డ్రమ్ము నిండా మట్టి పోస్తే మూడొందల కిలోలు దాటుతుంది. పెద్ద కుండీలు పిల్లర్ల మీదకు, దూలాల మీదకు వచ్చేలా సర్దుకోవాలి. మట్టిలో సగం కొబ్బరిపొట్టు, ఎరువు కలిపితే బరువు తగ్గుతుంది. కుండీల కింద పళ్లేల్లో నీళ్లు నిలవనివ్వొద్దు. దోమలకు అంతకన్నా సుఖమైన చోటు లేదు.

ఏ నెలలో ఏం చేయాలి?

మన డెల్టా వాతావరణానికి అమ్మ చెప్పిన పంచాంగం ఇది.

ఏప్రిల్, మే: కొత్తవి నాటొద్దు. నీడలు గీసుకోండి, చెత్త తవ్వి తీయండి. ఉన్న మొక్కల మొదళ్ల చుట్టూ నాలుగంగుళాల మందాన వరిగడ్డి పరచండి, మొదలుకు మాత్రం తగలనివ్వకండి. నీళ్లు తెల్లవారుజామునే, రోజూ చిలకరించడం కాకుండా వేళ్ల దాకా దిగేలా.

జూన్: తొలి వానకు జనుమో, జీలుగో చల్లండి.

జులై, ఆగస్టు: పచ్చిరొట్ట కలిపి, మాగాక నాటండి. సాయంత్రం పూట నాటితే మొక్క రాత్రంతా తేరుకుంటుంది.

సెప్టెంబరు, అక్టోబరు: నీళ్లు నిలవకుండా కాలవ తీయండి. తుపాన్ల కాలం కాబట్టి లేత మొక్కలకు కర్ర ఊతం కట్టండి. బంతినారు వేసుకోండి.

నవంబరు నుంచి జనవరి: బంతి, చేమంతుల సందడి. జనవరిలో మల్లెకు నీళ్లు తగ్గించి కొమ్మలు కత్తిరిస్తే వేసవికి మొగ్గ తొడుగుతుంది.

ఎవరొచ్చారివాళ?

నాటిన మూడు నెలలకు కరివేపాకు చెట్టు మీద ఆకులు మాయమవడం మొదలైంది. చూస్తే లావుపాటి ఆకుపచ్చ గొంగళి. మందు కొట్టనా అన్నాను. ‘‘వద్దు. వాడు తినేదెంత? చారులోకి నాలుగు రెబ్బలు మిగిల్చే తింటాడులే’’ అంది అమ్మ. రెండు వారాల తర్వాత నల్లటి సీతాకోకచిలుక ఒకటి ఇక్సోరా గుత్తి మీద వాలింది. ఇది మన గొంగళేనేమో అని ఆవిడ పక్కింటావిణ్ని పిలిచి మరీ చూపించింది.

ఇప్పుడు నేను ఆఫీసు నుంచి రాగానే టీవీ చప్పుడు వినిపించదు. ‘‘ఇవాళ తేనెపిట్ట వచ్చింది... మందారంలో మూతి పెట్టింది’’ అంటుంది. లేదంటే, ఎదురు అపార్ట్‌మెంటు మూడో అంతస్తావిడ పూజకు నందివర్ధనాలు అడిగిందని, పూలతోపాటు ఓ కొమ్మ కూడా ఇచ్చి కుండీలో గుచ్చుకోమన్నానని చెబుతుంది. ఆ కొమ్మ చిగురించిందో లేదో చూడటానికి మెట్లెక్కి వెళ్లొచ్చింది కూడా. మోకాళ్ల నొప్పుల సంగతి ఆ రోజు నేను గుర్తుచేయలేదు.

మా తోట గెలిచిందని ఇప్పుడే చెప్పను. దానికింకా మే నెల పరీక్ష ఉంది. వరిగడ్డి మోపు ఒకటి కానూరు వైపు నుంచి తెప్పించి మేడ మీద పెట్టుకున్నాం.

మొన్నొక తెల్లవారుజామున మెలకువ వచ్చి బయటికొచ్చాను. సర్కిల్ వైపు నుంచి లారీల హోరు వినిపిస్తూనే ఉంది. రాత్రి పూసిన పారిజాతాలు తెల్లగా నేలంతా రాలి ఉన్నాయి. అమ్మ అప్పటికే లేచింది. తడిసిన మట్టి మీద చతికిలబడి, పళ్లెంలోకి ఒక్కొక్కటే ఏరుతోంది. నన్ను చూసి, ‘‘ఆ పక్కన అడుగెయ్యకురా. అక్కడ ఇంకా ఏరలేదు’’ అంది.